చిట్టా ఆవర్జాలు చదివిన ప్రధానమంత్రి

1833లో బ్రిటిష్ పార్లమెంటు తన వలస రాజ్యాల్లో బానిసత్వాన్ని రద్దు చేస్తూ చట్టం తెచ్చినప్పుడు నష్టపరిహారంగా 2 కోట్ల పౌండ్లు మంజూరు చేసింది. అది ఆనాటి ప్రభుత్వపు ఏడాది ఖర్చులో సుమారు 40 శాతం. తరతరాలుగా చెరకు తోటల్లో కొరడా దెబ్బలు తిన్నవారికి ఆ సొమ్ములో ఒక్క పెన్నీ కూడా అందలేదు. 'ఆస్తి' కోల్పోతున్నారన్న పేరుతో మొత్తమంతా యజమానులకే దక్కింది. అంతటితోనూ సరిపోలేదు. స్వేచ్ఛ వచ్చిందని చెప్పిన తరువాత కూడా ఆ మనుషులు 'అప్రెంటిస్' అనే కొత్త పేరుతో, వారానికి 45 గంటల దాకా, కూలి లేకుండా అదే యజమాని దగ్గర పనిచేయవలసి వచ్చింది. ఆ ఏర్పాటు ముగిసింది 1838 ఆగస్టు 1న. ఈ పరిహారం చెల్లించడానికి బ్రిటిష్ ప్రభుత్వం తెచ్చిన అప్పు తాలూకు ఆఖరి బాకీ తీరింది 2015లో. అంటే, బానిసల యజమానులకు ఇచ్చిన సొమ్మును బ్రిటన్ పన్ను చెల్లింపుదారులు మన కాలం దాకా తీరుస్తూనే వచ్చారు.

నేను డిగ్రీ కళాశాలలో చరిత్ర బోధించిన ఏళ్లలో ఈ ఘట్టం పాఠ్యపుస్తకంలో ఒక్క పేరాలో ముగిసిపోయేది. విల్బర్‌ఫోర్స్ వంటి దయార్ద్ర హృదయులు ఉద్యమించారు, బ్రిటన్ అంతరాత్మ మేల్కొంది, బానిసత్వం పోయింది అన్నదే ఆ పేరా సారాంశం. అందులో అబద్ధం లేదు. ఆ ఉద్యమం నిజంగానే జరిగింది, దానికి జీవితాలను ధారపోసినవారు నిజంగానే ఉన్నారు. కానీ డబ్బు ఎవరికి వెళ్లిందన్న ప్రశ్న ఆ పేరాలో ఎక్కడా ఉండదు. ఆ ప్రశ్నను విశ్వవిద్యాలయ స్థాయిలో, పత్రాలు ముందు పెట్టుకుని, ఎదుటివారు తప్పించుకోలేని విధంగా అడిగిన చరిత్రకారుడు ఎరిక్ విలియమ్స్. ఆయనే ఆ తరువాత కరీబియన్ ద్వీప దేశమైన ట్రినిడాడ్-టొబాగోను స్వాతంత్ర్యానికి నడిపించి, దాని తొలి ప్రధానమంత్రిగా మరణించేవరకూ కొనసాగారు. ఆయన గురించి తెలుగులో నాకు కనిపించినది చాలా తక్కువ. అందుకే ఈ వ్యాసం కాస్త వివరంగా రాస్తున్నాను.

చరిత్ర రాసిన రాజకీయ నాయకులు మనకు కొత్త కాదు. నెహ్రూ జైలులో కూర్చుని చరిత్ర రాశారు. కానీ ఆయన ముందు నాయకుడు, తరువాత చరిత్ర రచయిత. విలియమ్స్ విషయంలో వరుస తిరగబడింది. పాత రికార్డులు తిరగేయడం, ఓడల లెక్కలు చూడటం, పార్లమెంటు చర్చలను పక్కపక్కన పెట్టి పోల్చడం ఆయన వృత్తి. ఆ వృత్తిలో అలవడిన బుద్ధితోనే ఆయన రాజకీయాల్లోకి వచ్చారు. ఆయన గొప్పతనమూ, ఆయన పాలనలో కనిపించే లోపమూ రెండూ ఆ బుద్ధితో పోల్చి చూస్తేనే అర్థమవుతాయని నా అభిప్రాయం.

ఆయన 1911 సెప్టెంబరు 25న ట్రినిడాడ్ రాజధాని పోర్ట్ ఆఫ్ స్పెయిన్‌లో పుట్టారు. తండ్రి తపాలా శాఖలో చిన్న ఉద్యోగి. పన్నెండు మంది పిల్లల్లో ఎరిక్ పెద్దవాడు. వలస పాలనలో ఉన్న ఆ చిన్న ద్వీపంలో నల్లజాతి గుమాస్తా కొడుకు పైకి రావడానికి ఉన్న దారి దాదాపు ఒక్కటే: క్వీన్స్ రాయల్ కాలేజీలో చదివి, ద్వీపం మొత్తానికి ఏటా ఇచ్చే ఒకటి రెండు ఉపకార వేతనాల్లో ఒకదాన్ని గెలుచుకుని ఇంగ్లండ్ వెళ్లడం. 1931లో ఆయన దాన్ని గెలిచారు. తండ్రి వైద్యం చదవమంటే కొడుకు చరిత్ర ఎంచుకున్నాడు. 1932లో ఆక్స్‌ఫర్డ్ చేరి, 1935లో చరిత్రలో ప్రథమ శ్రేణి సాధించి, 1938లో డాక్టరేటు అందుకున్నారు. కాలేజీలో ఆయనకు పాఠాలు చెప్పిన సి.ఎల్.ఆర్. జేమ్స్ అప్పటికి ఇంగ్లండ్‌లోనే ఉండి, హైతీ బానిసల తిరుగుబాటు మీద తన గ్రంథం రాస్తున్నారు. గురుశిష్యుల మధ్య ఆ రోజుల్లో జరిగిన చర్చల ముద్ర విలియమ్స్ పరిశోధన మీద బలంగా పడింది. వీరిద్దరి కథ చివరికి ఎక్కడికి చేరిందో తరువాత చెబుతాను.

ఆ పరిశోధన విస్తరించి 1944లో 'క్యాపిటలిజం అండ్ స్లేవరీ' అనే గ్రంథంగా అమెరికాలో, నార్త్ కరోలినా విశ్వవిద్యాలయ ప్రచురణగా వెలువడింది. ఇంగ్లండ్‌లో అప్పటికే ఒక ప్రచురణకర్త దాన్ని తిరస్కరించాడు. బానిస వ్యాపారం మానవత్వం వల్ల కాక ఆర్థిక కారణాల వల్ల రద్దయిందని చెప్పడం బ్రిటిష్ సంప్రదాయానికి విరుద్ధమనీ, అటువంటి పుస్తకాన్ని తాను ఎన్నటికీ ప్రచురించననీ అతడు అన్నట్టు విలియమ్స్ తన ఆత్మకథలో రాసుకున్నారు. ఆ మాట అన్న ఫ్రెడ్రిక్ వార్‌బర్గ్ ఛాందసుడు కాడు. వామపక్ష రచనలను ధైర్యంగా ప్రచురిస్తాడని పేరున్నవాడు. బ్రిటన్‌లో ఆ పుస్తకం అచ్చు కావడానికి 1964 దాకా, అంటే రచయిత ఒక స్వతంత్ర దేశానికి ప్రధాని అయ్యేదాకా, ఆగవలసి వచ్చింది.

ఆ పుస్తకంలో ఆయన చేసిన పని నిజానికి చిట్టా ఆవర్జాలు చదవడమే. బర్మింగ్‌హామ్‌లో తయారైన తుపాకులు, మాంచెస్టర్‌లో నేసిన బట్టలు, సంకెళ్లు, పూసలు లివర్‌పూల్, బ్రిస్టల్ రేవుల నుండి ఆఫ్రికా తీరానికి వెళ్లేవి. అక్కడ వాటికి బదులుగా మనుషులు ఎక్కేవారు. ఆ మనుషులను కరీబియన్ ద్వీపాల్లో అమ్మి, చక్కెర, రమ్ము, పత్తి, నీలిమందు ఎక్కించుకుని ఓడలు తిరిగి ఇంటికి చేరేవి. మూడు మజిలీల్లోనూ లాభమే. ఆ లాభం ఏ బ్యాంకులో జమ అయింది, ఏ బీమా సంస్థను పోషించింది, ఏ రేవుపట్టణంలో భవనాలుగా లేచింది, ఏ ఫౌండ్రీకి పెట్టుబడిగా మారింది అని ఆయన పేరుపేరునా వెతికారు. జేమ్స్ వాట్ ఆవిరి యంత్రానికి సైతం వెస్టిండీస్ వ్యాపారపు డబ్బు తోడయిందని వాదించారు. జాతి ద్వేషం వల్ల బానిసత్వం పుట్టలేదనీ, చవక కూలీల అవసరం వల్ల పుట్టిన బానిసత్వాన్ని సమర్థించుకోవడానికే జాతి ద్వేషం పెరిగిందనీ చెప్పారు. అమెరికా స్వాతంత్ర్యం తరువాత వెస్టిండీస్ చక్కెర తోటల ప్రాధాన్యం తగ్గుతూ వచ్చిందనీ, పాత గుత్తాధిపత్యం కొత్త పారిశ్రామిక వర్గానికి అడ్డుగా మారిందనీ, 1807లో బానిస వ్యాపారం, 1833లో బానిసత్వం, 1846లో వెస్టిండీస్ చక్కెరకు ఉన్న సుంకాల రక్షణ వరుసగా కూలిపోవడం వెనుక ఆ లెక్క ఉందనీ ఆయన నిర్ధారణ.

ఈ వాదన అంతా యథాతథంగా నిలబడలేదు. రద్దు నాటికి తోటలు నష్టాల్లో లేవనీ, లాభసాటిగా ఉన్న వ్యాపారాన్ని బ్రిటన్ తన చేతులతో తానే నరుక్కుందనీ చరిత్రకారుడు సేమర్ డ్రెషర్ 1977లో గట్టిగా వాదించారు. బానిస వ్యాపారపు లాభాలు పారిశ్రామిక విప్లవానికి ఇంధనం కాగలిగినంత పెద్దవి కావని లెక్కలు కట్టినవారూ ఉన్నారు. అవి తక్కువేమీ కావని జోసెఫ్ ఇనికోరి వంటివారు మళ్లీ లెక్కలు కట్టారు. నా మట్టుకు నేను, రద్దుకు కారణాల విషయంలో విలియమ్స్ పట్టును మరీ బిగించారనీ, బానిసత్వానికీ బ్రిటన్ సంపదకూ ఉన్న సంబంధం విషయంలో మాత్రం మౌలికంగా సరైనదే చెప్పారనీ అనుకుంటున్నాను. పరిహారం కోరుతూ వచ్చిన సుమారు 46,000 దరఖాస్తులను లండన్‌లోని యూనివర్సిటీ కాలేజీ పరిశోధకులు ఇటీవలి కాలంలో ఒక్కొక్కటిగా నమోదు చేశారు. అందులో పెద్ద జమీందార్లతో పాటు, ఒకరిద్దరు బానిసలను వారసత్వ ఆస్తిగా పొందిన వితంతువులూ, చర్చి పెద్దలూ ఉన్నారు. ఒక సమాజం మొత్తం ఆ వ్యాపారంలో ఎంత లోతుగా మునిగి ఉన్నదో ఆ జాబితా చూస్తే తెలుస్తుంది.

1939లో ఆయన వాషింగ్టన్‌లోని హోవర్డ్ విశ్వవిద్యాలయంలో ఉద్యోగం చేరారు. ఆ తరువాత కరీబియన్ కమిషన్‌లో పనిచేశారు. బ్రిటన్, అమెరికా, ఫ్రాన్స్, నెదర్లాండ్స్ కలిసి నడిపిన ఆ సంస్థ పని ద్వీపాల ఆర్థిక పరిస్థితులను అధ్యయనం చేయడం. 1948లో అదే సంస్థ పరిశోధన విభాగం బాధ్యతల మీద ఆయన ట్రినిడాడ్ తిరిగి వచ్చారు. వలస పాలకుల సంస్థలో జీతం తీసుకుంటూనే వలస పాలన మీద నిర్మొహమాటంగా రాసే అధికారిని ఎంతకాలం భరిస్తారు? 1955లో ఆయన కాంట్రాక్టు పొడిగించలేదు.

ఇక్కడినుండి ఆయన జీవితంలో నాకు అన్నిటికంటే ఇష్టమైన భాగం మొదలవుతుంది. ఉద్యోగం పోవడానికి ముందే, 1954 నవంబరులో, ట్రినిడాడ్ పబ్లిక్ లైబ్రరీలో డామ్ బేసిల్ మాథ్యూస్ అనే క్రైస్తవ సన్యాసితో ఆయన బహిరంగ వాదానికి దిగారు. విషయం అరిస్టాటిల్. దాని అడుగున ఉన్న అసలు ప్రశ్న, విద్య ప్రభుత్వం చేతిలో ఉండాలా, చర్చి చేతిలో ఉండాలా అన్నది. ఒక గ్రీకు తత్త్వవేత్త ఏమన్నాడో వినడానికి జనం గ్రంథాలయంలో పట్టనంతగా వచ్చారు. అవధానానికీ హరికథకూ ఊళ్లకు ఊళ్లు కదిలివచ్చిన సంప్రదాయం మనకూ ఉంది కాబట్టి, తెలుగు పాఠకులకు ఆ దృశ్యం నమ్మశక్యం కానిదేమీ కాదు.

1955 జూన్ 21 రాత్రి ఆయన గ్రంథాలయం దాటి దగ్గరలోనే ఉన్న వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోకి వచ్చారు. అది నగరం నడిబొడ్డున, శాసనసభ భవనమైన రెడ్ హౌస్‌కు ఎదురుగా ఉన్న తోట. ఒక బ్రిటిష్ గవర్నర్ పేరు పెట్టుకున్న స్థలం. ఆ రాత్రి ప్రసంగ విషయం 'కరీబియన్ కమిషన్‌తో నా సంబంధాలు'. ఉద్యోగం పోయిన మనిషి గోడు అనుకుంటే పొరపాటు. తనకూ సంస్థకూ మధ్య నడిచిన వ్యవహారాన్ని ఏళ్లవారీగా, ఉత్తరాలతో సహా, ఒక కేసు చరిత్రలాగా ఆయన జనం ముందు పరిచారు. తనకు జరిగినది తన ఒక్కడి సంగతి కాదనీ, తమ ద్వీపాల మీద నిర్ణయాలు తమకు తెలియకుండా ఎలా జరుగుతున్నాయో తెలిపే ఉదాహరణ అనీ చూపించారు. క్వీన్స్ రాయల్ కాలేజీలో తొమ్మిదేళ్లు, ఆక్స్‌ఫర్డ్‌లో ఐదేళ్లు తనను ఉచితంగా చదివించింది ఈ ప్రజలేననీ, ఇక్కడే పుట్టాననీ, ఇక్కడే ఉంటాననీ చెప్పి ముగించారు.

ఆ తరువాత ఆ తోటకు 'వుడ్‌ఫర్డ్ స్క్వేర్ విశ్వవిద్యాలయం' అన్న పేరు స్థిరపడింది. అక్కడ ఆయన రాజ్యాంగ సంస్కరణ గురించి, చక్కెర ధరల గురించి, విద్యా విధానం గురించి ఉపన్యాసాలు ఇచ్చారు. గణాంకాలు చదివారు, పుటల సంఖ్యలు చెప్పారు. రేవు కూలీలు, గుమాస్తాలు, బట్టలు కుట్టేవాళ్లు, బడిపంతుళ్లు గంటల తరబడి నిలబడి విన్నారు. విషయాన్ని పలచన చేసి చెప్పకపోవడమే ఆ ఉపన్యాసాల్లోని మర్యాద అని నాకు అనిపిస్తుంది. సాధారణ జనానికి ఇంత లోతు అక్కరలేదు అన్న చిన్నచూపు ఆయన మాటల్లో లేదు. తమ గురించి పాలకులు రాసుకున్న ఫైలును తాము చదవగలిగిన ప్రజలు తమను తామే పాలించుకోగలరు. ఆయన రాజకీయాల పునాది ఈ నమ్మకమే. ఆ నమ్మకంతోనే 1956 జనవరిలో పీపుల్స్ నేషనల్ మూవ్‌మెంట్ అనే పార్టీ పెట్టారు. అదే ఏడాది సెప్టెంబరు 24న జరిగిన ఎన్నికల్లో ఎన్నిక ద్వారా భర్తీ అయ్యే 24 స్థానాల్లో 13 గెలిచి, ముఖ్యమంత్రి అయ్యారు. పార్టీ వయసు అప్పటికి ఏడాది కూడా లేదు.

అధికారంలోకి వచ్చాక ఆయనలోని చరిత్రకారుడు చేసిన అతి పెద్ద పని చాగ్వరామస్ వ్యవహారం. రెండో ప్రపంచయుద్ధ కాలంలో, 1941 ఒప్పందం ప్రకారం, ద్వీపపు వాయవ్య కొసన ఉన్న ఆ ప్రాంతాన్ని బ్రిటన్ 99 ఏళ్ల కౌలుకు అమెరికా నౌకాదళానికి అప్పగించింది. 1957లో, ఏర్పడబోతున్న వెస్టిండీస్ సమాఖ్యకు రాజధానిగా అదే స్థలాన్ని ఎంపిక చేశారు. అమెరికా ససేమిరా అన్నది. విలియమ్స్ పాత ఫైళ్లు తీశారు. ఆ స్థలాన్ని ఇవ్వవద్దని అప్పటి గవర్నర్ సర్ హ్యూబర్ట్ యంగ్ స్వయంగా లండన్‌కు అభ్యంతరం రాసినట్టూ, దానికి బదులు కరోని చిత్తడి నేలలను బాగుచేసి ఇవ్వవచ్చని సూచించినట్టూ ఆ ఫైళ్లలో ఉంది. అంటే, ఒప్పందంలో స్థానిక ప్రజల మాటకే కాదు, బ్రిటన్ సొంత గవర్నర్ మాటకూ విలువ లేకపోయింది. ఒక మహాశక్తితో పేచీకి దిగిన చిన్న ద్వీపానికి సైన్యం లేదు, డబ్బు లేదు. చేతిలో ఉన్నదల్లా ఆ కాగితమే.

1960 ఏప్రిల్ 22న, జోరున వర్షంలో, వేలమంది ఆయన వెంట ఊరేగింపుగా నడిచారు. ఆ రోజు వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లో 1941 ఒప్పందం ప్రతితో సహా, వలస పాలనకు గుర్తులుగా నిలిచిన కొన్ని పత్రాలను తగలబెట్టారు. పత్రాలను జీవితమంతా ప్రాణప్రదంగా చూసుకున్న పండితుడు వాటిని మంటల్లో వేయడం చదివినప్పుడల్లా నాకు మనసు చివుక్కుమంటుంది. అవి ప్రతులే, అసలు కాదు. ఆ సభకు అటువంటి చర్య అవసరమనీ తెలుసు. అయినా సరే, ఆయనలోని రాజకీయ నాయకుడు చరిత్రకారుణ్ణి పక్కకు నెట్టడం మొదలైన రోజు అదేనేమో అనిపిస్తుంది. ఆ ఏడాది డిసెంబరులో టొబాగోలో కొత్త ఒప్పందం కుదిరింది. స్థావరంలో చాలా భూమిని అమెరికా వెంటనే వదులుకుంది. మిగిలినది ఆ దశాబ్దం ముగిసేలోగా మూతపడింది.

సమాఖ్య మాత్రం నిలవలేదు. పది ద్వీప ప్రాంతాలతో 1958లో ఏర్పడిన దాని నుండి, 1961 సెప్టెంబరులో జరిగిన ప్రజాభిప్రాయ సేకరణ తరువాత జమైకా తప్పుకుంది. పది నుంచి ఒకటి తీసేస్తే మిగిలేది సున్న అన్న విలియమ్స్ లెక్క అప్పటిదే. చిన్న ద్వీపాల భారం మోయడానికి ట్రినిడాడ్ ఇష్టపడలేదు. ఆ నిర్ణయం వెనుక ఉన్న ఆర్థిక తర్కం నాకు అర్థమవుతుంది కానీ, కరీబియన్ అంతా ఒకటే చరిత్ర అని రాసిన మనిషి ఆ మాట అనవలసి రావడం బాధాకరం.

అలా ట్రినిడాడ్-టొబాగో ఒంటరిగా స్వాతంత్ర్యానికి బయలుదేరింది. 1962 వేసవిలో లండన్‌లోని మార్ల్‌బరో హౌస్‌లో రాజ్యాంగ చర్చలు జరిగాయి. ప్రతిపక్ష నాయకుడు రుద్రనాథ్ కపిల్‌దేవ్, లండన్ విశ్వవిద్యాలయంలో గణితం బోధించిన పండితుడు. నల్లజాతి ఓటుతో నిలిచిన పార్టీకి చరిత్రకారుడు, భారతీయ సంతతి ఓటుతో నిలిచిన పార్టీకి గణితవేత్త నాయకులుగా ఎదురెదురు కూర్చున్నారు. చర్చలు విరిగిపోయే దశలో ఇద్దరూ విడిగా మాట్లాడుకుని, రాజ్యాంగ రక్షణల మీద ఒక అంగీకారానికి వచ్చారు. ఆగస్టు 31న దేశం స్వతంత్రమైంది. ఆ మధ్యలో, ఇన్ని పనుల నడుమ, విలియమ్స్ హడావుడిగా ఇంకో పుస్తకం పూర్తి చేశారు: స్వాతంత్ర్య దినోత్సవం నాటికి ప్రజల చేతిలో ఉండాలని రాసిన వారి సొంత చరిత్ర. ముందురోజు జరిగిన పిల్లల సభలో, దేశ భవిష్యత్తును మీరు మీ పుస్తకాల సంచుల్లో మోస్తున్నారని వారికి చెప్పారు. సెకండరీ విద్యను ఉచితం చేసిన ప్రభుత్వాధినేత నోట అది వట్టి అలంకారం కాదు.

ఆ చరిత్ర పుస్తకంలో ఒక అధ్యాయం భారతీయుల గురించి. 1845 మే 30న 'ఫతేల్ రజాక్' అనే ఓడ రెండువందల పైచిలుకు మందితో ట్రినిడాడ్ చేరింది. 1917 వరకు సుమారు 1,44,000 మంది అలా కట్టుకూలీలుగా వెళ్లారు. బానిసలు విడుదలయ్యాక వారు అడిగిన కూలి ఇవ్వడం ఇష్టంలేని తోటల యజమానులు, ఐదేళ్ల ఒప్పందం మీద మన దేశం నుండి మనుషులను దిగుమతి చేసుకున్నారు. ఆ దిగుమతి ఖర్చులో కొంత భాగాన్ని ప్రభుత్వ ఖజానా భరించింది. అంటే, తమ కూలిని తగ్గించడానికి తెచ్చిన మనుషుల ఓడ ఛార్జీకి నల్లజాతి పేదలు కూడా పన్ను కట్టారు. అనుమతి చీటీ లేకుండా తోట దాటితే జైలు. ఇద్దరు పేదలను ఒకరి మీదికి ఒకరిని ఎగదోసిన ఈ ఏర్పాటు ఎలా పనిచేసిందో చెప్పడంలో విలియమ్స్ కలం తడబడలేదు.

వెళ్లినవారిలో అత్యధికులు కలకత్తా రేవు నుండి బయలుదేరిన బీహారు, అవధ్ ప్రాంతాలవారు. మద్రాసు రేవు నుండి వెళ్లినవారు కొన్ని వేలమంది. వారిలో తమిళులతో పాటు తెలుగువారూ ఉన్నారు. అక్కడ అందరికీ కలిపి 'మద్రాసీ' అన్న ఒకే పేరు పడింది. మారిషస్‌లోలా తెలుగు అక్కడ నిలవలేదు. భోజ్‌పురి ప్రవాహంలో కలిసిపోయింది.

విలియమ్స్ మీద నాకున్న అతి పెద్ద ఫిర్యాదు కూడా ఈ భారతీయుల విషయంలోనే. 1958 సమాఖ్య ఎన్నికల్లో ట్రినిడాడ్‌లోని పది స్థానాల్లో ఆరు ప్రతిపక్షానికి వెళ్లాయి. ఓటమి మంట మీద, 1958 ఏప్రిల్ 1న, వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోనే మాట్లాడుతూ, భారతజాతి వేషం వేసుకుని, భారతదేశం పేరును తమ స్వార్థానికి వాడుకుంటున్న మొండి, శత్రుపూరిత మైనారిటీ అని ఆయన నిందించారు. భారతీయులందరినీ అనలేదని ఆయన పక్షంవారు వివరణ ఇచ్చారు. కానీ తోటల్లో పనిచేస్తున్న కుటుంబాలకు వినిపించింది తమను అన్నట్టే. 1962 పుస్తకంలో ఆయన రాసిన మాటలు వేరు: భారతదేశం నుండి వచ్చినవారికి భారతమాత ఉండకూడదు, ఆఫ్రికా సంతతికి ఆఫ్రికా మాత, ఇంగ్లీషువారికి ఇంగ్లండు మాత ఉండకూడదు, అందరికీ తల్లి ట్రినిడాడ్-టొబాగో ఒక్కటే, తల్లి తన పిల్లల మధ్య తేడా చూపదు. ఎంతో ఉదాత్తమైన మాట. అయితే నాలుగేళ్ల ముందు చౌరస్తాలో పడిన మాటను ఆ పుట తుడిచివేయలేకపోయింది. జాతి ద్వేషం ఆర్థిక ప్రయోజనాల నుండి పుడుతుందని ప్రపంచానికి నేర్పిన పండితుడికి, తన దేశంలో అది ఓట్ల ప్రయోజనాల నుండి కూడా పుడుతుందని తెలియకుండా ఉండదు. 1961 మార్చి 22న 'దొరల కాలం చెల్లింది' అని ప్రసిద్ధమైన ప్రసంగంలో, దొర అన్నది చర్మం రంగుకు సంబంధించిన మాట కాదని ఆయనే ఎంతో ఓపికగా విడమరిచి చెప్పారు కూడా.

ఇక జేమ్స్ సంగతి. 1958లో గురువు ట్రినిడాడ్ తిరిగి వచ్చి శిష్యుడి పార్టీ పత్రికకు సంపాదకుడయ్యారు. చాగ్వరామస్ ఉద్యమానికి గొంతునిచ్చినవారిలో ఆయన ముందువరుసలో ఉన్నారు. 1960లో ఇద్దరూ విడిపోయారు. 1965లో క్రికెట్ విలేకరిగా ట్రినిడాడ్ వచ్చిన జేమ్స్‌ను విలియమ్స్ ప్రభుత్వం గృహ నిర్బంధంలో ఉంచింది. అప్పటికి ఆయన వయసు 64. ఏ వాదంతో సమర్థించినా ఈ పని నాకు మింగుడుపడదు.

1970లో అసంతృప్తి వీధుల్లోకి వచ్చింది. స్వాతంత్ర్యం వచ్చి ఎనిమిదేళ్లయినా బ్యాంకులు, చమురు, చక్కెర విదేశీయుల చేతుల్లోనే ఉన్నాయి, నిరుద్యోగం పెరిగింది. నల్లవారి చేతికి అధికారం రావాలంటూ ఫిబ్రవరి 26న మొదలైన 'బ్లాక్ పవర్' ఊరేగింపుల్లో పాల్గొన్న యువకులు ఎక్కువగా విలియమ్స్ పాఠశాలల్లో ఉచితంగా చదువుకున్న తరం వారే. వారు సభలు పెట్టింది వుడ్‌ఫర్డ్ స్క్వేర్‌లోనే; దానికి 'ప్రజా పార్లమెంటు' అని కొత్త పేరు పెట్టుకున్నారు. మార్చి 12న చెరకు కూలీలుండే కరోని ప్రాంతానికి, ఆఫ్రికన్లూ భారతీయులూ ఏకం కావాలన్న నినాదంతో నడిచి వెళ్లారు. విలియమ్స్ పార్టీ చేయలేకపోయిన పని అది. ఆయన సానుభూతి మాటలు చెప్పారు, కొన్ని చర్యలు ప్రకటించారు, చివరికి ఏప్రిల్ 21న అత్యవసర పరిస్థితి విధించి నాయకులను అరెస్టు చేయించారు. సైన్యంలో ఒక భాగం తిరగబడింది. ట్రినిడాడ్‌లో పుట్టి అమెరికాలో బ్లాక్ పవర్ నాయకుడైన స్టోక్లీ కార్మైకేల్‌ను సొంత ద్వీపంలో అడుగుపెట్టనివ్వలేదు. 1971 ఎన్నికలను ప్రధాన ప్రతిపక్షాలు బహిష్కరించగా ఆయన పార్టీ 36కు 36 స్థానాలూ గెలిచింది.

అప్పటికి ఆయన ఎవరితోనూ కలవని మనిషి అయ్యారు. చిన్నప్పుడు ఫుట్‌బాల్ ఆడుతూ తగిలిన దెబ్బవల్ల వినికిడి తగ్గి, చెవికి యంత్రం పెట్టుకునేవారు; వినదలచుకోనప్పుడు దాన్ని ఆపేసేవారని అక్కడ చెప్పుకుంటారు. 1973లో రాజీనామా చేస్తానని ప్రకటించి, కొద్ది నెలల్లో వెనక్కి తీసుకున్నారు. అదే సమయానికి ప్రపంచ చమురు ధరలు పెరగడంతో ఖజానా నిండింది. ఉక్కు, ఎరువుల కర్మాగారాలు వచ్చాయి. 1981 మార్చి 29న ఆయన మరణించారు. మధుమేహం ముదిరినా వైద్యం చేయించుకోలేదు. ఆయన గ్రంథాలయమూ, కాగితాలూ ఇప్పుడు సెయింట్ అగస్టీన్‌లోని వెస్టిండీస్ విశ్వవిద్యాలయంలో పరిశోధకులకు అందుబాటులో ఉన్నాయి. 'క్యాపిటలిజం అండ్ స్లేవరీ' 2022లో బ్రిటన్‌లో మళ్లీ వెలువడి విరివిగా అమ్ముడుపోయింది.

ఆయన పార్టీ ముప్పై ఏళ్ల తరువాత, 1986లో, తొలిసారి అధికారం కోల్పోయింది. దాన్ని 36లో 33 స్థానాలతో ఓడించిన కూటమి నాయకుడు ఎ.ఎన్.ఆర్. రాబిన్సన్. ఒకప్పుడు విలియమ్స్‌కు వారసుడనిపించుకుని, 1970 ఏప్రిల్‌లో మంత్రి పదవికి రాజీనామా చేసినవాడు. ఆ కూటమిలో చక్కెర కార్మిక సంఘం నాయకుడు బస్‌దేవ్ పాండే కూడా ఉన్నారు. చెరకు తోటల మధ్య పెరిగిన ఆ మనిషి 1995 నవంబరులో దేశానికి భారతీయ సంతతికి చెందిన తొలి ప్రధానమంత్రిగా ప్రమాణం చేశారు. ఓడ చేరిన మే 30ని జాతీయ సెలవుగా జరుపుకోవడం కూడా ఆ రోజుల్లోనే మొదలైంది; 'ఇండియన్ అరైవల్ డే' అన్న పేరు దానికి 1996లో స్థిరపడింది.